ఇంటి జనరేటర్ – 3వ పాఠం: ఎంత కేవీఏ కావాలి?

జనరేటర్ సైజు కేవీఏలో చెబుతారు: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది వీఏ, వెయ్యి వీఏ ఒక కేవీఏ. పోయిన వారం ఇంట్లో వస్తువుల వాట్లు రాసుకున్న కాగితం తీయండి. కరెంటు పోయినప్పుడు తప్పనిసరిగా నడవాల్సినవే అందులో ఉండాలి. ఏసీ, గీజర్ రాసి ఉంటే ఇప్పుడే కొట్టేయండి.

మా ఇంటి కాగితం ఇది: ఫ్రిజ్ 150 వాట్లు, మూడు ఫ్యాన్లకు 225, తొమ్మిది వాట్ల బల్బులు ఆరింటికి 54, టీవీ 100, వైఫై 10. మొత్తం 539. ఈపాటిదానికి వెయ్యి వాట్ల జనరేటర్ చాలదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఎక్కడో వెతికి చిన్న పెట్రోల్ జనరేటర్ అద్దెకు తెచ్చాం. ఫ్యాన్లు తిరిగాయి, వీధిలోవాళ్ల ఫోన్లన్నీ మా వరండాలోనే ఛార్జింగ్. పైట్యాంకు ఖాళీ అయిందని నాన్న మోటార్ స్విచ్ వేశారు. జనరేటర్ ఒక్కసారి మూలిగింది, ఫ్యాన్లు నెమ్మదించాయి, టప్‌మని ట్రిప్ అయింది. గేటు దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్లు అలాగే వెనక్కి వెళ్లారు.

ఆగి ఉన్న మోటార్ కదలడం మొదలుపెట్టే ఆ సెకనులో, తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మోటార్ మీద చిన్న రేకు ప్లేటు ఉంటుంది. దుమ్ము తుడిచి చూడండి. మా అర హెచ్‌పీ మోటార్ ప్లేటు మీద 4 ఆంపియర్లు అని ఉంది. 230 వోల్టులతో గుణిస్తే 920 వీఏ. స్టార్టింగ్‌కి నాలుగు రెట్లు వేసుకుంటే 3,680! ఫ్రిజ్ కంప్రెసర్ కూడా మోటారే. 150 వాట్లదానికి ఆ సెకనుకి 900 వేసుకోండి.

అన్నీ ఒకే సెకనులో స్టార్ట్ కావు కాబట్టి, స్టార్టింగ్ లెక్క అన్నిటికన్నా పెద్ద మోటార్‌కి ఒక్కదానికే వేస్తే చాలు. నీళ్ల మోటార్‌ని పక్కనపెడితే మాకు ఆ పెద్దది ఫ్రిజ్జే: మిగతావి 389, దానికి 900, వెరసి 1,289 వాట్లు. దీన్ని 0.8తో (పవర్ ఫ్యాక్టర్, అంటే వీఏలో వాట్లుగా పనికొచ్చే భాగం) భాగిస్తే సుమారు 1,610 వీఏ. అంటే 2 కేవీఏ సెట్. కొట్టువాడు చెప్పే 'మాక్సిమమ్' అంకెను నమ్మకండి, 'రేటెడ్', అంటే ఆగకుండా ఇవ్వగలిగేది ఎంతో అడగండి.

నీళ్ల మోటార్ కూడా నడవాలంటే, దాని 3,680 వీఏకి మిగతావన్నీ కలిపి 5 కేవీఏకి వెళ్లాలి. ధర, బరువు, పెట్రోల్ ఖర్చు అన్నీ పెరుగుతాయి. రోజుకి పావుగంట నడిచే మోటార్ కోసం అంత పెద్దది కొనడం నాకైతే దండగే. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు, డ్రమ్ములు నింపేసుకుంటాం.

ఈ వారం పని: మీ మోటార్, ఫ్రిజ్ ప్లేట్ల మీది అంకెలు రాసుకుని ఇదే లెక్క వేయండి. కొనేస్తే మాత్రం తొందరపడి గోడ సాకెట్లోకి జనరేటర్ వైరు ప్లగ్ పెట్టి ఇల్లంతా వెలిగించకండి. ఆ కరెంటు వెనక్కి వీధి లైన్లోకి పోతుంది, అక్కడ స్తంభం మీద లైన్‌మన్ ఉండొచ్చు. దానికి ఛేంజోవర్ స్విచ్ కావాలి, అంటే ఇంటిని వీధి లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్. 4వ పాఠం దాని గురించే.