అప్లికేషన్ పంపేముందు మీ పేరు మీరే వెతుక్కోండి

నేను హెచ్‌ఆర్‌లో పనిచేస్తాను, రెజ్యూమేలు వడకట్టడం నా రోజువారీ పని. అభ్యర్థుల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నిజంగా చూస్తారా అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. చూసేవాళ్లు చూస్తారు. పాలసీలో వద్దని ఉన్నా, ఇంటర్వ్యూకి ఐదు నిమిషాల ముందు ఫోన్‌లో పేరు కొట్టి చూసే మేనేజర్లుంటారు. మతం, రాజకీయం, కడుపుతో ఉన్నారా లేదా వంటివి ఇంటర్వ్యూలో అడగలేరు, ప్రొఫైల్లో మాత్రం చూసేస్తారు. ఒకసారి చూశాక చూడనట్టు ఉండటం ఎవరివల్లా కాదు. అందుకే ముందు మీరే వెతుక్కోండి.

ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మీ ఖాతాల్లో లాగిన్ అయి ఉండని బ్రౌజర్ విండోలో వెతకండి. మీరు లాగిన్ అయి ఉంటే కనిపించేది వేరు, బయటివాళ్లకు కనిపించేది వేరు. పేరుకు కాలేజీ, పాత కంపెనీ జోడించి చూడండి, ఇమేజెస్ కూడా వదలొద్దు. చాలామందికి తట్టనిది ఇంకొకటుంది: మీ ఈమెయిల్‌లో ఎట్ గుర్తుకి ముందున్న ముక్క. దాన్ని వెతికితే, అదే యూజర్‌నేమ్‌తో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఫోరమ్, గేమింగ్ ఖాతాలు బయటపడొచ్చు. ఉద్యోగాల కోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి. రెజ్యూమేలోని నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకు వాట్సాప్ ఫొటో కూడా కనిపించవచ్చు, దాన్ని 'మై కాంటాక్ట్స్'కి మార్చండి.

ఫేస్‌బుక్‌లో పాత పోస్టులు ఒక్కొక్కటీ తవ్వుకుంటూ కూర్చోనక్కర్లేదు. 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' నొక్కితే పబ్లిక్‌గా ఉన్నవన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి పరిమితమవుతాయి. ఎవరైనా మిమ్మల్ని ట్యాగ్ చేస్తే ముందు మీ అనుమతి అడిగే ట్యాగ్ రివ్యూ కూడా ఆన్ చేయండి.

అసలు చిక్కంతా కామెంట్లతోనే. ప్రొఫైల్ లాక్ చేసినా, పబ్లిక్ పేజీ కింద మీరు రాసింది అందరికీ కనిపిస్తుంది. తాళం మీ ఇంటికే గానీ, వీధిలో మాట్లాడిన మాటకు కాదు కదా! ఒక అమ్మాయి రెజ్యూమే చాలా బాగుంది, ప్రొఫైల్ లాక్ అయి ఉంది. ఒక వార్తల పేజీలో ఎవరో ఆఫీసు వేధింపుల గురించి పెట్టిన పోస్టు కింద మాత్రం ఈ అమ్మాయి తన మేనేజర్‌ని పేరు పెట్టి తిట్టిన నాలుగు లైన్లున్నాయి. ఆ కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ కామెంట్ మా టేబుల్ మీద చర్చకు వచ్చినప్పుడు, తన వైపు చెప్పుకోవడానికి ఆమె అక్కడ లేదు. ఫేస్‌బుక్‌లో మీరు చేసినవన్నీ వరుసగా చూపించే యాక్టివిటీ లాగ్ తెరిచి కామెంట్ల దగ్గర కాస్త ఓపిగ్గా కూర్చోండి. ఏదైనా పేజీలోంచి తీసేసినా గూగుల్లో ఇంకా కనిపిస్తుంటే 'రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్' టూల్‌లో ఆ లింక్ ఇవ్వండి.

లింక్డ్‌ఇన్ తేదీలు రెజ్యూమేతో సరిపోవాలి, నేను ముందు చూసేది అదే. దిద్దేముందు, మార్పులు నెట్‌వర్క్‌కి చెప్పే సెట్టింగ్ ఆపేయండి. లేకపోతే మీరు ఉద్యోగం వెతుకుతున్న సంగతి ఇప్పటి బాస్‌కి ముందే తెలిసిపోతుంది. ఖాతాలన్నీ డిలీట్ చేసేయడం అనవసరపు టెన్షన్ అని నా ఉద్దేశం.

పాస్‌వర్డ్ అడిగితే? 2009లో అమెరికాలోని బోజ్‌మన్ నగరపాలక సంస్థ అభ్యర్థులను పాస్‌వర్డులే అడిగింది, గోల అయ్యేసరికి మానేసింది. 2012లో మేరీల్యాండ్ రాష్ట్రం అలా అడగడాన్ని చట్టంతో నిషేధించింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మీ దగ్గర చట్టం ఉన్నా లేకపోయినా, "పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదని ఆ సైట్ నిబంధనండీ. నా పని గురించి ఏం కావాలన్నా అడగండి, చెప్తాను" అంటే సరిపోతుంది. వాళ్ల ముందే లాగిన్ అవ్వమన్నా ఇదే జవాబు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపితే ఫలితం వచ్చేదాకా అలా ఉండనివ్వండి.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ బయటి ఏజెన్సీకి ఇస్తే మీతో ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. అందులో సోషల్ మీడియా అన్న మాట ఉందేమో చదవండి, ఉంటే రిపోర్టు కాపీ మీకూ ఇస్తారా అని ఈమెయిల్లోనే అడగండి.