కారు పాలిషింగ్ పాఠాలు – 5: గీత పోయిందా, నూనె కింద దాక్కుందా?

ఈసారి వ్యాక్స్ గురించి చెప్తానని మాటిచ్చాను. చెప్పడం లేదు. నాలుగో పాఠం చదివి కాంపౌండ్ (గీతలను అరగదీసే పేస్టు) కొట్టినవాళ్లలో చాలామంది ఒకటే మాట అన్నారు: "అన్నా, షెడ్డులో అద్దంలా వచ్చింది. రెండుసార్లు వాటర్ సర్వీసింగ్ అయ్యేసరికి గీతలన్నీ మళ్లీ బయటపడ్డాయి. కస్టమర్ వచ్చి నిలబడ్డాడు."

తప్పులో సగం నాదే. "గీత కనిపించకుండా పోయేదాకా కొట్టండి" అని రాశాను. ఆ 'కనిపించకుండా' అన్న మాటే మీ కొంప ముంచింది. దాన్ని సరిచేయకుండా పైన వ్యాక్స్ పూయమంటే బురద మీద ముగ్గు వేయమన్నట్టే.

గీత అంటే క్లియర్ కోటింగ్‌లో, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలో పడిన చిన్న కాలువ. కారు మెరుపంతా ఆ పై పొరదే. కంపెనీ పెయింటు మీద అది దాదాపు 40 మైక్రాన్లు ఉంటుంది. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు, కాబట్టి మన తలవెంట్రుక మందం కూడా లేదన్నమాట. కాలువ అంచుల మీద వెలుతురు పడి చెదిరిపోతుంది, అది మన కంటికి తెల్ల గీతలా కనిపిస్తుంది. దాన్ని నిజంగా పోగొట్టాలంటే ఒకటే దారి. కాలువ అడుగు ఎంత లోతులో ఉందో చుట్టూ ఉన్న క్లియర్‌ను అంతవరకు అరగదీయాలి. కాలువను పూడ్చకూడదు, గట్లను దించాలి.

కాంపౌండ్‌లో అరగదీసే పొడి మాత్రమే ఉండదు. పొడి సాఫీగా తిరగడానికి నూనెలు ఉంటాయి. కొన్ని రకాల్లో గీతలను నింపే పదార్థాలు కూడా కలుపుతారు. పాలిషింగ్ మిషన్ తిరిగేకొద్దీ అవి కాలువలోకి దిగి కూర్చుంటాయి. వెలుతురు చెదరదు, గీత పోయిందని మనం సంబరపడతాం. రెండు షాంపూ వాష్‌లు, వారం రోజుల మన అనంతపురం ఎండ. నూనె వదిలేస్తుంది, కాలువ ఎక్కడిదక్కడే.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు, ఒక బండల వ్యాపారి నేర్పాడు. షెడ్డు పెట్టిన కొత్తలో ఆయన నల్ల కారు తాడిపత్రి నుంచి నా దగ్గరికి వచ్చింది. రోజంతా కొట్టి, ట్యూబ్‌లైట్ కింద చూపించి, డబ్బు తీసుకున్నాను. పదిహేను రోజులకు కారు తిరిగొచ్చింది. ఆయన కోప్పడలేదు. బానెట్ మీద వేలు పెట్టి నవ్వాడు. "ఏమప్పా, నల్లబండకు నూనె పూస్తే పాలిష్ పట్టినట్టే కనపడతాది. రెండుసార్లు కడిగితే తెల్లబోతాది. మేము పుట్టినప్పటినుంచి చూస్తాండే ఆటను నా దగ్గరే ఆడితే ఎట్లా?" అన్నాడు. నాకు ఆ మోసం చేస్తున్నానని కూడా తెలియదు. ఆ బానెట్ మళ్లీ మొత్తం ఉచితంగా చేసిచ్చాను.

బండల ఫ్యాక్టరీలో పాలిష్ పట్టేటప్పుడు ముతక రాయి నుంచి సన్న రాయికి మెట్టుమెట్టుగా వెళ్తారు. మన పని కూడా అదే. తేడా ఒక్కటే: వాళ్ల బండ అంగుళం మందం, మనకున్నది వెంట్రుకలో సగం. వాళ్లు తప్పు చేస్తే ఇంకోసారి అరగదీస్తారు. మనం తప్పు చేస్తే పెయింటింగ్ షెడ్డుకు పంపాలి.

ఇక చేయాల్సిన పని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనండి, కెమికల్స్ అమ్మే అంగళ్లలో దొరుకుతుంది. ఒక వంతు ఆల్కహాల్, మూడు వంతుల నీళ్లు కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకోండి. బోరు నీళ్లు కలపొద్దు, మన నీళ్లలో ఉప్పెంత ఉందో మీ ఇంటి బకెట్ అడుగు చూస్తే తెలుస్తుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాను తెచ్చుకోండి. నేను చేసేది అదే, చవక కూడా. ఆ బాటిల్ దగ్గర బీడీ, సిగరెట్ వద్దు, అంటుకుంటుంది. నెలలోపు పెయింటు కొట్టిన బండి మీద ఇది అసలు వాడొద్దు, ఆ పెయింటు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు.

కాంపౌండ్ కొట్టిన చోట స్ప్రే చేసి, అర నిమిషం ఆగి, ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తిడి లేకుండా తుడవండి. గుడ్డ తిప్పి రెండోసారి. అప్పుడు టార్చ్ వేసి చూడండి. ఫోన్ టార్చ్ చాలు, నేను పెద్ద ఇన్‌స్పెక్షన్ లైటు కొని అటకెక్కించాను. టార్చ్‌ను నిటారుగా పట్టకుండా కాస్త ఏటవాలుగా పట్టుకుని కదపండి, వెలుగు చుక్క అంచుల చుట్టూ సాలెగూడులా గీతలు తేలతాయి. తేలితే నూనె కింద దాక్కున్నవి అవే. తేలకపోతే మీ పని నిజం.

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఉంది, దాని మీద నాకు ఒళ్లు మంట. కారంతా కొట్టేసి, సాయంత్రం ఒకేసారి చివర్లో తుడిచి చూస్తారు. అప్పుడు బయటపడితే ఏం చేస్తారు? రాత్రి తొమ్మిదికి కారంతా మళ్లీ కొడతారా? కొట్టరు. "బాగానే ఉందిలే" అని తాళాలు ఇచ్చేస్తారు. అందుకే మొదట ఒక్క ముక్క. బానెట్ మీద అడుగున్నర చదరం మాస్కింగ్ టేప్‌తో కట్టండి. అక్కడే కాంపౌండ్, అక్కడే తుడవడం, అక్కడే టార్చ్. గీతలు ఉంటే మిషన్‌కు తగిలించే ప్యాడ్ మార్చండి, లేదా కాంపౌండ్ ఒక మెట్టు ముతకది తీసుకోండి. మళ్లీ తుడవండి. ఆ చదరంలో ఏ జోడీ పనిచేసిందో అదే కారంతా వాడండి. తలుపులకొకటి, డిక్కీకొకటి అని రోజంతా ప్రయోగాలు చేయొద్దు. ప్యానెల్ (బానెట్, తలుపు లాంటి ఒక్కో భాగం) పూర్తయిన ప్రతిసారీ తుడిచి చూసి ముందుకు కదలండి. తెల్ల కారైతే ఇదంతా ఎందుకు, గీతలే కనిపించవు కదా అని ఒకాయన అడిగాడు. తెల్ల కారు కస్టమర్ కూడా ఏదో ఒకరోజు పెట్రోల్ బంకులో లైట్ల కింద తన కారును చూసుకుంటాడు.

ఒక్కోసారి అంతా సరిగ్గా చేసినా నాలుగైదు గీతలు కదలవు. గోరు అడ్డంగా పెట్టి నెమ్మదిగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీతను పాలిష్‌తో పూర్తిగా తీయాలని చూడొద్దు. అంచులు కాస్త గుండ్రమై మెత్తబడేదాకా కొట్టి వదిలేయండి, వెలుతురు తక్కువ చెదురుతుంది, దూరానికి తెలియదు. రెండువేల నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది తీసేవాళ్లు ఉన్నారు. నేను కూడా తీస్తాను. మీరు మాత్రం ఇప్పుడే వద్దు. క్లియర్‌లోనే ఎండను ఆపే మందు ఉంటుంది. పలచబడిన చోట ఈరోజు బాగానే ఉన్నా, రెండు మూడు ఎండాకాలాలకు తెల్లబారి పొట్టు లేస్తుంది. అప్పటికి కస్టమర్ మిమ్మల్ని మర్చిపోయి ఉంటాడనుకోవడం భ్రమ.

మిగతా ఫిర్యాదులు త్వరగా.

కాంపౌండ్ సున్నంలా ఎండిపోతోందన్నారు. ఎండలో నిలబెట్టి కొడుతున్నారు కాబట్టి. ఏప్రిల్‌లో మన దగ్గర మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెట్టలేం. తెల్లారి ఆరు నుంచి పదిలోపు, నీడలో, ప్యానెల్ చల్లగా తగిలినప్పుడే పని. ఇంకోటి, ఎక్కువ పోస్తున్నారు. ప్యాడ్ మీద వేరుశనగ గింజంత చుక్కలు నాలుగు చాలు. ప్రతి ప్యానెల్ తర్వాత ప్యాడ్‌ను పాత టూత్‌బ్రష్‌తో దులపండి. దులపని ప్యాడ్ పాత పొడినే కారు మీద రుద్దుతూ ఉంటుంది.

బంపర్ మూల కాలిపోయిందని ఒకరు. అంచుల మీద, బాడీ లైన్ల మీద పెయింటు పలచగా ఉంటుంది, పైగా మిషన్ బరువంతా ఆ గీత మీదే పడుతుంది. బంపర్ ప్లాస్టిక్, వేడిని పక్కలకు పంచదు. అందుకే టేప్ వేయమన్నాను, మూడో పాఠంలోనే. ఇక చెప్పను.

ఎండలోకి తీస్తే ఇంద్రధనుస్సులా చారలు ఆడుతున్నాయంటే అది రోటరీ మిషన్ (ఊగకుండా ఒకేచోట గిర్రున తిరిగేది), ఉన్ని ప్యాడ్ వదిలిన గుర్తు. ఉన్ని ప్యాడ్‌తో ఆపేయొద్దు. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్, డీఏ మిషన్‌తో ఒక చుట్టు వేయాలి. డీఏ అంటే తిరుగుతూ అటూ ఇటూ ఊగే మిషన్. నన్నడిగితే కొత్తవాళ్లు రోటరీ ముట్టుకోకపోవడమే మేలు. డీఏ నెమ్మది, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

ప్యాడ్‌కు కారు రంగు అంటుతోందని ఇద్దరు భయపడ్డారు. రెండు కారణాలుంటాయి. పాత బండ్లలో క్లియర్ లేకుండా రంగు ఒక్కటే కొట్టినవి ఉన్నాయి, వాటికి మొదటి చుట్టులోనే రంగు వస్తుంది, అది మామూలే. క్లియర్ ఉన్న బండిలో మధ్యలో హఠాత్తుగా రంగు వస్తే మాత్రం వెంటనే ఆపండి, క్లియర్ అయిపోయింది. అందుకే పని మొదలుపెట్టేముందు ఎవరికీ కనిపించని మూలలో తెల్ల గుడ్డతో చిటికెడు కాంపౌండ్ రుద్ది చూసుకోవాలి. చేత్తో పట్టుకునే పెయింటు మందం మీటరు ఉంటే ఇంకా మంచిది. మొత్తం 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తే కంపెనీ పెయింటు కావచ్చు. ఒక తలుపు మాత్రం 300 దాటితే అక్కడ ఎప్పుడో పెయింటు కొట్టారు, ఇంకా చాలా ఎక్కువుంటే కింద సొట్ట పూడ్చిన పుట్టీ ఉంది. ఆ తలుపు సంగతి కారు అమ్మినవాడు కస్టమర్‌కు తెలియకుండా దాచి ఉంటాడు. మీరు కనిపెట్టినా నెమ్మదిగా చెప్పండి, అది వాళ్ల పంచాయితీ. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటరు పనిచేయదు.

కస్టమర్‌తో మాట. ఫోన్‌లో రేటు చెప్పొద్దు. కారు చూడందే, గోరు పెట్టందే, చదరం కొట్టందే రేటు లేదు. ఆ బానెట్ చదరాన్ని మధ్యలో టేప్‌తో రెండుగా చేసి, సగం మాత్రమే కొట్టి, ఆల్కహాల్‌తో తుడిచి, ఎండలోకి తోసి కస్టమర్‌ను పిలవండి. "అన్నా, ఇంతవరకు వస్తుంది. ఈ నాలుగు గీతలు రావు" అని వేలు పెట్టి చూపించండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అప్పుడు ఆయన సరే అంటేనే మిగతా పని. ఇలా చేస్తే కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి.

కారు ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పండి. ఆషాఢం గాలికి మన ఊళ్లో రోజూ పొద్దున కారు మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది. డ్రైవరు పొడి గుడ్డ తీసుకుని గబగబా తుడుస్తాడు. ఆ సాలెగూడు గీతల్లో ఎక్కువభాగం అక్కడినుంచే పుడతాయి. ముందు నీళ్లతో దుమ్ము వదలగొట్టి తర్వాతే గుడ్డ పెట్టమనండి. వినరు. అయినా చెప్పండి.

సాధన. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. గుజిరీ అంగడికి వెళ్లి క్లియర్ ఉన్న ముదురు రంగు పాత బానెట్ ఒకటి బేరమాడి తెచ్చుకోండి. టేప్‌తో ఆరు గళ్లు చేయండి. ఒకటో గడిని ముట్టుకోకండి. రెండోదానికి కాంపౌండ్ మాత్రమే, తుడవకుండా. మూడు, నాలుగు గళ్లకు వేరువేరు ప్యాడ్లతో, ఆల్కహాల్‌తో తుడిచి గీతలు తేలకుండా వచ్చేదాకా. ఐదో గడికి మూడు, నాలుగులో ఏది బాగొచ్చిందో అదే, పైన సన్న పాలిష్. ఆరో గడిని కావాలని పాడుచేయండి. ఒకేచోట మిషన్ ఆపి, క్లియర్ పోయి ప్యాడ్‌కు రంగు అంటేదాకా కొట్టండి. ప్యానెల్ ఎప్పుడు వేడెక్కింది, మిషన్ చప్పుడు ఎప్పుడు మారింది, ఎన్ని నిమిషాలు పట్టింది, కాగితం మీద రాసుకోండి.

తర్వాత బానెట్‌ను మేడ మీద ఎండలో పెట్టి, మూడు రోజులకొకసారి షాంపూతో కడగండి. పదో రోజు రెండో గడిని, మూడో గడిని పక్కపక్కన ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. వ్యాక్స్ పాఠం ఆ ఫొటో దగ్గర మొదలవుతుంది. ఫొటో లేనివాళ్లు ఆరో పాఠానికి రావద్దు.