చేతులు ఖాళీ చేసుకుని సేవకు రావాలంటే

మా సంఘం స్త్రీల సమాజంలో ఆసుపత్రి పరామర్శకు వెళ్లే గుంపును చాలా ఏళ్లుగా నేను చూసుకుంటున్నాను. మాచర్ల నుంచీ వినుకొండ నుంచీ గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చి, ఊళ్లో తెలిసినవాళ్లంటూ లేని ఆడవాళ్ల దగ్గర కాసేపు కూర్చోవడం మా పని. ఈ పనికి వస్తామని చాలామంది అక్కచెల్లెళ్లు ముందుకొస్తారు. "టీచరమ్మా, దేవుని పనిలో పూర్తిగా నిలబడాలనుంది, ఏదో ఒకటి అడ్డుపడుతూనే ఉంది" అంటారు. ఆ మాట అన్నవాళ్లందరికీ నేను చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. ఆదివారం కన్నీళ్లతో మోకరించి "ప్రభువా, అన్నీ వదిలేశాను" అని లేచి వెళ్లి, సోమవారం పొద్దున మళ్లీ వాటినే మోస్తున్నవాళ్లను చూసి చూసి నాకు ఒక విషయం బాగా తెలిసింది. వదలడం అనేది చేత్తో చేసే పని. ఒక తేదీన, ఒక మనిషి ముందు జరగాలి.

ముందు ఒక కాయితం తీసుకుని మధ్యకు గీత గీయండి. గడిచిన నెలలో దేవుని పని మీద ఎవరైనా పిలిస్తే మీరు వెళ్లని సందర్భాలు ఎడమవైపు రాయండి: ఫలానా ఇంట్లో చావు, ఫలానా ఆవిడ ఆపరేషను, బుధవారం కూటం. కుడివైపు ఎందుకు వెళ్లలేదో రాయొద్దు. ఎందుకు అని రాస్తే అందరం బాగానే రాస్తాం, ఒంట్లో బాగోలేదని, కుదరలేదని. ఆ పూట నిజంగా ఏం చేశారో అది రాయండి. చిట్టీ డబ్బు వసూలుకు కొత్తపేట తిరిగాను. ఫోను చూస్తూ పడుకున్నాను. ఆ ఇంటికి మా తోటికోడలు వస్తుందని తెలిసి ఆగిపోయాను. ఇలా రాస్తే మీ ఆటంకాలు మీ దస్తూరీలోనే కనిపిస్తాయి. పాపాల జాబితా రాయమంటే పెద్ద పెద్దవి రాసుకొచ్చి ఏడుస్తారు. మనల్ని ఆపేవి చాలావరకు పాపం అని పేరు పెట్టలేనివి. హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం పాపంతో పాటు ప్రతి భారాన్నీ విడిచిపెట్టమంటుంది. పందెంలో పరుగెత్తేవాడికి బరువు తప్పేమీ కాదు, పరుగుకే పనికిరాదు.

కుడివైపు రాసిన వాటిలో కొన్ని ఆటంకాలే కావు. వాటిని ముందే కొట్టేయండి. మంచాన పడ్డ అత్తగారి పక్కబట్టలు మార్చి ఆ పూట కూటానికి రాలేదా? మీరు సేవలోనే ఉన్నారు. మార్కు 7లో యేసు గద్దించింది సరిగ్గా దీని గురించే. తల్లిదండ్రులకు చెందాల్సినది "కొర్బాను", దేవుడికి అర్పితం అని చెప్పి వాళ్లను గాలికి వదిలేసినవాళ్లను ఆయన మెచ్చుకోలేదు. పదో తరగతి పరీక్షలకు కూర్చున్న పిల్ల, నెల జీతం తెచ్చే ఉద్యోగం, ఇవీ అంతే. పౌలు డేరాలు కుట్టి బతుకుతూనే సువార్త చెప్పాడు. విశ్వాసం పేరుతో బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మానేసేవాళ్లనూ వార్డుల్లో చూస్తుంటాను, కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మందులు మానడం వదులుకోవడం కాదు. భర్తకు చెప్పకుండా ఇంట్లో డబ్బు తీసి ఇవ్వడమూ కాదు.

ఇక మిగిలినవి. డబ్బు సంగతి ముందు చూడండి, ఎందుకంటే అది లెక్కకు వస్తుంది, వదిలానో లేదో దాచుకోలేం.

చిట్టీల్లో ఉన్నవాళ్లు జాగ్రత్త. "సేవకు వచ్చేశాను" అని చిట్టీ మధ్యలో మానేస్తే ఆ భారం పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. పాట పాడి డబ్బు ఎత్తుకుని ఉంటే చివరి నెల దాకా కట్టండి. మీరే నడుపుతుంటే దాన్ని పూర్తిచేసి, కొత్తది మొదలుపెట్టకండి. అప్పులుంటే ఎవరికి ఎంతో రాసి, ఆ మనిషికే వెళ్లి ఏ నెలలో ఎంత ఇస్తారో చెప్పండి. ముఖం చాటేసుకుని తిరగడమే మనిషిని గుడికి రాకుండా చేస్తుంది, అప్పు అంతగా చెయ్యదు.

వడ్డీకి ఇచ్చేవాళ్ల సంగతి వేరు. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ మామూలు మాటలైపోయాయి. మూడు రూపాయలంటే ఏడాదికి నూటికి 36. నెహెమ్యా 5వ అధ్యాయం చదవండి. యెరూషలేము గోడ కడుతున్న రోజుల్లో సొంత జనమే సొంత జనం పొలాలను తాకట్టు పట్టి వడ్డీ గుంజుతుంటే నెహెమ్యా గోడపని మధ్యలో సభ పెట్టి, పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ తిరిగి ఇచ్చేయమన్నాడు, నూటికి ఒకటి చొప్పున తీసుకున్నదీ ఇచ్చేయమన్నాడు. అది నెలకు నూటికి ఒకటని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే మన రూపాయి వడ్డీ! వాళ్లు సరేనన్నాక కూడా ఆయన ఊరుకోలేదు, యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. మీరు చేయాల్సిందీ ఇదే పద్ధతిలో చేయండి. ప్రామిసరీ నోట్లు బయటికి తీయండి. వడ్డీల కింద అసలు ఎప్పుడో తీరిపోయినవి వేరు పెట్టండి. ఆ మనిషిని ఇంటికి పిలిపించుకోకుండా మీరే వాళ్లింటికి వెళ్లి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టి వాళ్ల చేతికివ్వండి. ఒక సాక్షిని తీసుకెళ్లండి. మా గుంపులో ఒక అక్క ఇలా చేసింది. బాకీ ఉన్న ఇల్లాలు పాచిపని చేసుకునే మనిషి. కాయితం అందుకుని చదవడం రాక, ఇంకా ఎంత కట్టాలమ్మా అని అడిగిందట. కాబట్టి రాయడంతో సరిపెట్టకండి, నోటితో కూడా చెప్పండి: నువ్వు నాకు ఏమీ బాకీ లేవు.

పన్ను వసూలుదారు జక్కయ్య కూడా యేసు ముందు నిలబడి లెక్క చెప్పాడు, సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని. ఎలీషా నాగలి సామానునే పొయ్యిలో పెట్టి, దున్నుతున్న ఎద్దులను వండి ఊరివాళ్లకు పెట్టి, ఆ తర్వాతే ఏలీయా ప్రవక్త వెంట వెళ్లాడు. మళ్లీ ఆ పొలంలోకి దిగడానికి ఏమీ మిగుల్చుకోలేదు.

పగ విషయానికొస్తే, మత్తయి 5లో మాట సూటిగా ఉంది. కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమంది. మనం కానుక వేసేసి, ఆ మనిషి కూర్చున్న బెంచీ కాకుండా వేరే బెంచీ వెతుక్కుంటాం. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లండి, ఇద్దరు పెద్దమనుషులను వెంటేసుకుని వెళితే అది పంచాయితీ అవుతుంది. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పంపడం చాలదు. పాత సంగతి మొదట్నుంచీ తవ్వొద్దు. "నా వల్ల నీకు కష్టం కలిగింది, క్షమించు" అని మీ వంతు చెప్పి ఆగండి, వాళ్ల వంతు వాళ్లే చెబుతారు, లేదా చెప్పరు. తలుపు తీయకపోతే వచ్చేయండి, మరో పండగకు మళ్లీ వెళ్లండి. చేతనైనంతవరకు అని రోమా 12లో పౌలు అన్నాడు, ఎదుటివాళ్ల వంతు మన మీద వేయలేదు. క్షమించడం అంటే న్యాయంగా వచ్చే ఆస్తి వాటా వదులుకోవడం అని ఎవరైనా చెబితే నమ్మకండి. కొట్టే భర్త దగ్గరికి తిరిగి వెళ్లమనీ కాదు. పగ వదిలినా ప్రాణం కాపాడుకోవచ్చు, కాపాడుకోవాలి.

ఇప్పుడు మన సంఘాల్లో ఎవరూ కాయితం మీద రాయనిది, నేనే అడిగి రాయించేది ఒకటుంది. కులం. గుంటూరు జిల్లాలో సువార్త వచ్చి ఇన్ని తరాలయ్యాక కూడా పరామర్శకు వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు తాగామా లేదా అన్నది ఇంకా లెక్కలోనే ఉంది. ఆ పేట ఇంటికి వెళ్తే గుమ్మం బయటే నిలబడి ప్రార్థన చేసి వచ్చేస్తారు. "ఉపవాసంలో ఉన్నానమ్మా" అని టీ వద్దంటారు. ఆ ఇంటివాళ్లకు అర్థం కాదనుకుంటున్నారా? తరతరాలుగా చూస్తున్నారు, గ్లాసు ముట్టని చెయ్యి ఎందుకు ముట్టలేదో వాళ్లకు తెలుసు. పేతురుకు యూదుడు కాని కొర్నేలీ ఇంటి గడప దాటడానికి దర్శనం కావాల్సి వచ్చింది, అదీ మూడుసార్లు. దాటాడు. అంత జరిగాక కూడా అంతియొకయలో యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి అన్యజనులతో కలిసి తినడం మానేశాడు. పౌలు అందరి ఎదుటా ముఖం మీదే అడిగాడని గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం చెబుతోంది. అంతటివాడే మళ్లీ వెనక్కి జారాడంటే ఇది ఒక్క ప్రార్థనతో పోయే జబ్బు కాదు.

దీన్ని వదలడం కూడా చేత్తోనే. పరామర్శకు వెళ్లిన ప్రతి ఇంట్లో కూర్చోండి, కింద చాప వేస్తే చాప మీదే. ఇచ్చింది తాగండి, పెట్టింది తినండి. ఆ తర్వాత వాళ్లను మీ ఇంటికి భోజనానికి పిలవండి, మీ కంచాల్లోనే పెట్టండి, వంటింట్లోకి రానివ్వండి. తినడం కంటే పెట్టడం దగ్గరే మన అసలు సంగతి బయటపడుతుంది. పిల్లల పెళ్లి మాటలప్పుడు "మనవాళ్లేనా" అని అడగబోయే ముందు నోరు మూసుకోండి. "విశ్వాసియేనా, పని చేసుకునే పిల్లాడేనా, తాగుతాడా" అని అడగండి. కట్నం లెక్క కూడా అక్కడే వదలాలి. పెళ్లి ఖాయమయ్యాక వదులుతామంటే ఎవరూ వదలరు, ముందే మధ్యవర్తికి చెప్పేయండి. ఇది చేసినవాళ్లు వార్డులో ఏ మంచం దగ్గరైనా కూర్చోగలరు. చెయ్యనివాళ్లు పదేళ్లు తిరిగినా మనిషిని చూసి మంచం ఎంచుకుంటూనే ఉంటారు.

కుర్చీ సంగతి త్వరగా చెప్పేస్తాను. కార్యదర్శి పదవి, కోశాధికారి పుస్తకం, పాటల గుంపులో ముందు మైకు, ఇవి పట్టుకున్నవాళ్లు పని చేస్తున్నామనే అనుకుంటారు. నిర్గమకాండము 18లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతున్న మోషేను చూసి మామ యిత్రో, నువ్వు చేస్తున్నది మంచిది కాదన్నాడు. పుస్తకం, తాళాలు, బ్యాంకు కాయితాలు ఒకేరోజు అప్పగించి సంతకం తీసుకోండి. అప్పగించాక ఆరు నెలలు సలహా ఇవ్వకండి, అడిగితే తప్ప. "నాకు ఫలానా పనే ఇవ్వాలి" అనే పట్టు కూడా కుర్చీలాంటిదే. అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికి వైద్యం చదివి ఉన్నారు. మిషను వాళ్లు పంపింది మాత్రం ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లకు చదువు చెప్పడానికి. ఒప్పుకునే వచ్చారు. మనం కుగ్లర్ ఆసుపత్రి అనుకునేది తెరిచింది 1898లో. అన్నేళ్లు పట్టింది. "వయసైపోయింది టీచరమ్మా" అనేవాళ్లకు లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను గుర్తుచేస్తాను. 1842లో గుంటూరులో పని మొదలుపెట్టిన ఆయన, రాజమండ్రి పనిని వేరే మిషనుకు అప్పగించేస్తారని తెలిసి 1869లో 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కారు.

వదిలినచోట ఆ వారమే ఏదో ఒకటి పెట్టండి. ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉంటే వెళ్లిన దయ్యం మరో ఏడింటిని వెంటబెట్టుకు వస్తుందని మత్తయి 12లో ప్రభువు హెచ్చరించాడు. చిట్టీ వసూలుకు తిరిగిన మంగళవారం సాయంత్రం ఖాళీ అయిందంటే ఆ మంగళవారమే ఆసుపత్రికి రండి. ఫోనును ఇంట్లో పెట్టి రండి, లేదా సంచిలో అడుగున పడేయండి. ప్లాస్కులో వేడినీళ్లు, దువ్వెన, కొబ్బరినూనె, ఉతికిన పాత నూలు చీరలు తెచ్చుకోండి. వార్డులోకి వెళ్లగానే నర్సమ్మను అడగండి, ఎవరి దగ్గరికి వెళ్లొచ్చు, ఎవరికి నీళ్లు కూడా ఇవ్వకూడదు అని. రోగి అడక్కుండా బైబిలు తీయకండి. తల దువ్వమంటే దువ్వండి, ఊరికి ఫోను కలపమంటే కలపండి, ప్రార్థన చెయ్యమంటే నెమ్మదిగా, పక్క మంచానికి వినపడనంతగా చెయ్యండి.

మొదటి నెలలో పాత పని మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. "అక్కా, కొత్త చిట్టీ మొదలుపెడుతున్నాం, నువ్వు లేకపోతే ఎలా" అని ఆ మంగళవారం నాలుగింటికే ఫోనొస్తుంది. ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండండి: "మంగళవారాలు నాకు కుదరవమ్మా, ఆసుపత్రికి వెళ్తాను. నువ్వూ రాకూడదూ?"