స్పిన్ బౌలింగ్‌లో బంతి విడుదల: చుట్లు పెంచుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో స్పిన్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది వేసవిలో నీరు ఇంకిన చెరువులోనో, పెన్న ఇసుక పక్కనో టెన్నిస్ బంతితో ఆడి, ఆ తరువాతే తోలు బంతి పట్టుకుంటారు. టెన్నిస్ బంతిని బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య నొక్కి విదిలిస్తే చాలు, తిరుగుతుంది. 156 నుంచి 163 గ్రాముల బరువుండే తోలు బంతిని అదే అలవాటుతో వేస్తే వేళ్ల మధ్య నుంచి జారిపోతుంది. అప్పుడు కుర్రవాడు చేతిని ఇంకా జోరుగా విసురుతాడు. బంతి వేగం పెరుగుతుంది గాని చుట్లు పెరగవు. నేను చూసిన లోపాల్లో ఇదే అన్నిటికంటే పెద్దది.

బొంగరం ఆడినవారికి అసలు సంగతి వెంటనే అర్థమవుతుంది. బొంగరాన్ని ఎంత దూరం విసిరామన్నది ముఖ్యం కాదు, తాడు కొస విడిపోయే క్షణంలో ఎంత గట్టిగా వెనక్కి గుంజామన్నదే ముఖ్యం. బంతి విషయంలో ఆ తాడు పని వేలిది.

కుడిచేతి ఆఫ్ స్పిన్నర్ (కుడిచేతి బ్యాట్స్‌మన్ వైపు బంతిని లోపలికి తిప్పేవాడు) బంతి కుట్టుకు అడ్డంగా చూపుడు వేలినీ నడిమి వేలినీ నొప్పి పుట్టని మేరకు ఎడంగా పెట్టి, చూపుడు వేలి పై కణుపును కుట్టు మీద ఆనించాలి. ఉంగరపు వేలు కింద ఆసరాగా ఉంటుంది, బొటనవేలు ఊరికే తాకుతుంది. బంతి అరచేతిని తాకకూడదు. బంతికీ అరచేతికీ మధ్య వెలుతురు కనిపించాలి. వదిలేటప్పుడు కుళాయి కట్టేసే దిశలో మణికట్టును తిప్పుతూ, చూపుడు వేలితో కుట్టును కిందికి గుంజాలి. బంతి ఆఖరున విడిచేది ఆ వేలినే కావాలి, అరచేతిని కాదు. బంతిని బయటికి తిప్పే లెగ్ స్పిన్నర్‌కు దిశ తారుమారవుతుంది, అంటే కుళాయి విప్పే దిశ. అక్కడ పని చేసేది మడిచిన ఉంగరపు వేలు, ముందు వెనక్కి వంచి ఉంచి ఆఖరున విదిలించే మణికట్టు. పదమూడేళ్ల లోపు పిల్లలకు పెద్ద బంతి ఇవ్వవద్దు. వారి కోసం 133 నుంచి 144 గ్రాముల బంతి ఉంది. చేతికి అందని బంతితో నేర్చుకున్న పట్టును తరువాత మాన్పించడం చాలా కష్టం.

సాధన మైదానంలో మొదలుకానక్కరలేదు. ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, బంతిని నిటారుగా పైకి తిప్పి వదిలి అదే చేత్తో పట్టుకోండి. బంతి చేతికి అందకపోతే బత్తాయి కాయ చాలు, పరిమాణం ఇంచుమించు అంతే. కుట్టు ఊగిసలాడకుండా ఒకే తీరులో తిరుగుతున్నదా అన్నది గమనించండి. పదిహేను రోజుల తరువాత, పరుగు లేకుండా, ఆరేడు మీటర్ల దూరంలో నిలిచిన స్నేహితుడికి నేల మీద ఒక్కసారి పడేలా వేయండి. అక్కడ బంతి తిరగకపోతే 20.12 మీటర్ల పిచ్ మీదా తిరగదు. ఈ దశలో లైన్, లెంగ్త్ (బంతి ఏ వరుసలో, ఎంత దూరంలో పడాలన్నది) గురించి పిల్లలను మందలించకండి. ముందు చుట్లు రావాలి. గురి తరువాత కుదురుతుంది, ముందు గురి నేర్చినవాడికి చుట్లు నేర్పడమే కష్టం.

చుట్లను కంటితో అంచనా వేయడం కంటే లెక్కపెట్టడం మేలు. బంతి సగానికి సున్నం గాని రంగు గాని పూసి, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ఒక చుట్టు పూర్తవడానికి 12 ఫ్రేములు పడితే నిమిషానికి 1200 చుట్లు. 8 ఫ్రేములు పడితే 1800. వారానికొకసారి ఇలా చూసి పుస్తకంలో రాసుకుంటే, ఏ మార్పు పనిచేసిందో మాటల్లో కాక అంకెల్లో తెలుస్తుంది.

వేళ్లు కుదిరాకే శరీరం సంగతి. ముందు కాలు నేలను గట్టిగా తన్ని నిలవాలి, ఎడమ చేయి బలంగా కిందికి రావాలి, నడుము ముందు కాలి మీద తిరిగి వెనుక కాలు ముందుకు సాగాలి. ఈ తిరుగుడు ఆగిపోతే భారమంతా భుజం మీద పడుతుంది. త్వరగా వదిలితే బంతి ఫుల్‌టాస్ అవుతుంది, అంటే నేలను తాకకుండానే బ్యాట్స్‌మన్‌ను చేరుతుంది, ఆలస్యంగా వదిలితే పొట్టిగా పడుతుంది. చుట్ల కోసం ఆరాటపడేవారిలో మోచేయి వంగి చాచుకోవడం తరచుగా కనిపిస్తుంది. నిబంధనల ప్రకారం ఆ చాపు 15 డిగ్రీలు దాటకూడదు కనుక, పక్క నుంచి కూడా వీడియో తీసి చూసుకోండి. వేలి చర్మం ఎర్రబడి మంట పుడితే ఆ రోజుకు ఆపేయండి. కోస్తా ఉక్కపోతలో చేయి చెమటతో జారుతుంది, కాబట్టి ప్రతి బంతికి ముందు తువ్వాలుతో వేళ్లు తుడుచుకోండి.

చుట్లు పెరిగితే బంతి గాలిలోనే పక్కకు జరుగుతుంది, అనుకున్నదానికంటే ముందే కిందికి దిగుతుంది. 1993 జూన్ 4న మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ బంతి ముందు గాలిలో లెగ్ స్టంప్ (బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు స్టంప్) బయటికి జరిగి, నేలను తాకాక తిరిగి ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ మైక్ గాటింగ్ ఆఫ్ స్టంప్‌ను (అవతలి కొస స్టంప్‌ను) తాకింది. భారత లెగ్ స్పిన్నర్ అనిల్ కుంబ్లే ఎక్కువగా వేగంతోనూ బౌన్స్‌తోనూ వికెట్లు తీశాడు, అది వేరే దారి. గాలిలో జరిగే కదలికకు మన సముద్రపు గాలి తోడవుతుంది. పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉంటే, సాయంత్రం తూర్పు గాలి వీచేటప్పుడు ఆఫ్ స్పిన్నర్ దక్షిణం కొస నుంచి, లెగ్ స్పిన్నర్ ఉత్తరం కొస నుంచి వేయమని కెప్టెన్‌ను అడగండి. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు బంతి సహజంగా జరిగే వైపే గాలి కూడా తోస్తుంది.