అమ్మానాన్నల ఐ-130కి కాపీలు: జిరాక్స్ కన్నా ముందు పేర్లు చూడండి

అమ్మానాన్నలకు ఐ-130 (వాళ్ల గ్రీన్‌కార్డు కోసం అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు మీరు పెట్టే దరఖాస్తు) వెయ్యాలంటే మీరు అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండి ఉండాలి. ఇద్దరికీ విడివిడిగా వెయ్యాలి, కాగితాలూ ఒకటే కావు. అమ్మకైతే మీ నేచురలైజేషన్ సర్టిఫికెట్ (అమెరికా పౌరసత్వం వచ్చినప్పుడు ఇచ్చే పత్రం) లేదా అమెరికా పాస్‌పోర్టు, మీ పేరూ అమ్మ పేరూ ఉన్న మీ బర్త్ సర్టిఫికెట్. నాన్నకైతే వీటితోపాటు వాళ్ల పెళ్లి సర్టిఫికెట్ కూడా. ఒకే రోజు పంపినా ప్రతి ఫారానికీ పూర్తి సెట్ పెట్టండి.

మనవాళ్లకు చిక్కంతా పేర్ల దగ్గరే. బర్త్ సర్టిఫికెట్లో అమ్మ పేరు ముందు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్లో పుట్టింటి పేరు ఉంటాయి. ముగ్గురూ ఒకరేనని ఆఫీసరు ఊహించుకోడు. ప్రతి కాగితంలో పేరు ఎలా ఉందో వరుసగా రాసుకుని, తేడా ఉన్నచోట రెండు పేర్లనూ కలిపే ఆధారం జతచెయ్యండి. లేకపోతే మరిన్ని ఆధారాలు అడుగుతూ ఆర్ఎఫ్ఈ వస్తుంది.

అసలు బర్త్ సర్టిఫికెట్టే లేకపోతే, రికార్డు లేదని రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, పదో తరగతి సర్టిఫికెట్ లాంటివి కలపాలి. అందులో తండ్రి పేరొక్కటే ఉంటే అమ్మ కేసులో అది పెద్దగా పనికిరాదు. అప్పుడు మీ పుట్టుక స్వయంగా ఎరిగిన ఇద్దరి అఫిడవిట్లు కావాలి. ఫలానా తేదీన పుట్టాడని రాస్తే చాలదు, అది తమకెలా తెలుసో కూడా రాయాలి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి, ముద్రల్లోని అక్షరాలతో సహా. అనువాదం సంపూర్ణం, సరైనది అనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం చెయ్యాలి. తెలుగు కాపీ కూడా వెంట ఉండాలి. నోటరీ అక్కర్లేదు, కాపీలపై అటెస్టేషనూ అక్కర్లేదు.

కాపీ తీసేటప్పుడు కాగితం సైజు చూసుకోండి. ఎ4 పొడవు 297 మిల్లీమీటర్లు, అమెరికా లెటర్ సైజు 279. అసలు సైజులోనే ప్రింట్ చేస్తే అడుగున 18 మిల్లీమీటర్లు పోతుంది, రిజిస్ట్రార్ ముద్ర ఉండేది తరచూ అక్కడే. 'ఫిట్ టు పేజ్' పెట్టండి. స్కాన్ 300 డీపీఐలో, రంగుల్లో తీస్తే వెలిసిన ముద్రలూ కనబడతాయి. వెనకవైపు రాత ఉంటే అదీ తియ్యండి, కానీ వేరే కాగితం మీద. స్టేపుల్స్, బైండింగ్ వద్దు. అడగనిదే ఒరిజినల్ పంపొద్దు, తిరిగి రాకపోవచ్చు.

తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే, ఐ-130 ఆమోదం పొందాక ఎన్‌వీసీ (ఇంటర్వ్యూకి ముందు వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్) దశలో కాపీలను ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఒక్కో పత్రం, ఎన్ని పేజీలున్నా, ఒకే ఫైల్‌గా ఉండాలి. పాస్‌వర్డు ఉన్న బ్యాంక్ స్టేట్‌మెంట్లు అక్కడ తెరుచుకోవు, తెరిచి మళ్లీ పీడీఎఫ్‌గా ప్రింట్ చేసి పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం అమ్మానాన్నల దగ్గరే ఉండాలి, కాన్సులేట్ ఇంటర్వ్యూలో చూపించాల్సింది అవే.