కొవ్వు తగ్గించుకునే రోజుల్లో బరువులు ఎత్తలేకపోతుంటే: సమస్య - పరిష్కారం

ఖర్చయ్యే కేలరీలకన్నా తక్కువ తింటూ కొవ్వు తగ్గించుకునే నెలల్లో వెయిట్ ట్రైనింగ్ ముఖ్యంగా ఉన్న కండను నిలబెట్టడానికే. కొత్తగా మొదలుపెట్టినవారికి ఈ దశలోనూ కండ పెరగవచ్చు కానీ, ఏళ్లుగా చేస్తున్నవారు అది ఆశించి సెట్లు (ఆగకుండా వరుసగా చేసే విడతలు) పెంచుకుంటూ పోతే చిక్కులు కొనితెచ్చుకున్నట్టే.

సమస్య: మొదటి వారంలోనే కండలు చప్పబడి, నీరసంగా ఉంటుంది.

కారణం: పిండిపదార్థాల నుంచి తయారై కండల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనం గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు తగ్గగానే ఆ రెండూ తగ్గుతాయి. తూకంలో పోయినట్టు కనిపించే ఒకటి రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీరే.

పరిష్కారం: మొత్తం కేలరీలను పెంచకుండా, తినే పిండిపదార్థాల్లో పెద్ద వాటాను వ్యాయామానికి ఒకటి రెండు గంటల ముందుకు జరపండి.

సమస్య: వారం వారం బలం పడిపోతోంది. 80 కిలోలతో 8 స్క్వాట్లు (బరువు మోస్తూ గుంజీళ్లలా కూర్చుని లేవడం) చేసేవారు ఆరుకు, ఆపైన నాలుగుకు దిగిపోతారు.

కారణం, పరిష్కారం: ముందుగా తూకం చూడండి. వారానికి శరీర బరువులో 1 శాతానికి మించి తగ్గుతుంటే తిండిలో కోత మరీ ఎక్కువైనట్టు. రోజుకు 200 నుంచి 300 కేలరీలు తిరిగి చేర్చండి. తగ్గుదల సవ్యంగానే ఉంటే ప్రోటీన్ లెక్క చూడాలి: శరీర బరువు కిలోకు రోజుకు 1.6 నుంచి 2.2 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి సుమారు 110 నుంచి 155 గ్రాములు అందాలి. అదీ సరిపోతుంటే తప్పు చాలావరకు వ్యాయామ ప్రణాళికలోనో నిద్రలోనో ఉంటుంది. కొవ్వు కరగాలంటే తేలిక బరువుతో ఇరవై ముప్పై రెప్స్ (ఒక సెట్‌లో బరువు ఎత్తే సార్లు) చేయాలన్న మాట జిమ్‌లలో ఇంకా వినిపిస్తూనే ఉంది గానీ, నా దృష్టిలో అంతకన్నా నష్టం చేసిన సలహా లేదు. కండను నిలబెట్టేది అలవాటైన బరువే కనుక దాన్ని అలాగే ఉంచి సెట్లను తగ్గించాలి. ఐదు సెట్లు చేసేచోట మూడు చేసి, ప్రతి సెట్‌నూ ఇంకో ఒకటి రెండు రెప్స్ చేయగల ఓపిక ఉండగానే ఆపండి. నిద్ర 7 గంటలకు తగ్గితే ఇవన్నీ చేసినా కోలుకోవడం కష్టమే.

శరీరం సన్నబడేకొద్దీ బెంచ్ ప్రెస్‌లో (బల్లపై పడుకుని ఛాతీ మీది నుంచి ఎత్తే వ్యాయామంలో) ఎత్తే బరువు కొద్దిగా తగ్గడం మాత్రం మామూలే, దానికి కంగారు పడి ప్రణాళిక మార్చనక్కర్లేదు.

సమస్య: బలం నిలిచే ఉంది, తూకం మాత్రం కదలడం లేదు.

కారణం: కొత్త వ్యాయామం వల్ల కండల్లో నీరు చేరి, తగ్గిన కొవ్వును తూకంలో కనిపించనివ్వకపోవచ్చు. లేదా లెక్కలోకి రాని తిండి ఉండవచ్చు. వంటలో పడే ఒక పెద్ద చెంచా నూనెలోనే సుమారు 120 కేలరీలు ఉంటాయి. తక్కువ తింటున్నప్పుడు మనకు తెలియకుండానే నడక, కదలిక తగ్గిపోవడం కూడా ఉంది.

పరిష్కారం: రోజూ ఉదయం పరగడుపున తూచుకుని ఏడు రోజుల సగటును మాత్రమే పోల్చండి, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలతను వారానికోసారి రాసుకోండి. మూడు వారాలపాటు రెండూ కదలకపోతే రోజుకు 100 నుంచి 200 కేలరీలు తగ్గించండి, లేదా ఆ మేరకు నడక పెంచండి.

తల తిరగడం, గుండె దడ, స్త్రీలలో నెలసరి ఆగిపోవడం వంటివి కనిపిస్తే సెట్లు, కేలరీల సర్దుబాటుతో సరిపెట్టుకోకుండా వ్యాయామం ఆపి వైద్యుణ్ణి కలవాలి.