ఇంట్లో కట్టుకునే విమానానికి ఇంజిన్ ఎంచుకోవడం: మే నెల మధ్యాహ్నపు లెక్క

ఇరవై ఏళ్లు విమాన ఇంజిన్ల మరమ్మతు చేసి, ఇప్పుడు బాలానగర్‌లో చిన్న లేత్ షాపు నడుపుతున్నాను. షాపు వెనక రేకుల షెడ్డులో నేను, మా బావమరిది కలిసి జెనిత్ సీహెచ్ 701 కడుతున్నాం. కొద్ది దూరంలోనే గాల్లోకి లేచే చిన్న విమానం అది. చూడటానికి వచ్చిన ప్రతి కుర్రాడూ ఇంజిన్ ఏది వేస్తున్నారని అడుగుతాడు. పేరు చెప్పేముందు నేను వాళ్లచేత ఒక లెక్క వేయిస్తాను.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు ఉందనుకోండి. అప్పుడు బేగంపేట రన్‌వే మీది గాలి, మామూలు లెక్కలో 5,400 అడుగుల ఎత్తున ఉండేంత పలుచగా ఉంటుంది. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు మూడు శాతం శక్తి కోల్పోతుంది. అంటే కాగితం మీది 100 హార్స్‌పవర్ ఆ పూట 84 దగ్గరికి దిగుతుంది. పలుచని గాలిలో రెక్కకూ, ప్రొపెల్లర్‌కూ కూడా పట్టు తగ్గుతుంది. జనవరి ఉదయాన్ని నమ్ముకుని ఇంజిన్ కొనకండి.

పొట్టి రన్‌వే మీద పని చేసేది తక్కువ వేగంలో వచ్చే లాగుడు. అది పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే బాగా వస్తుంది. రోటాక్స్ కంపెనీ 912 యూఎల్‌ఎస్ ఇంజిన్ నిమిషానికి 5,800 చుట్లు తిరిగినా, 2.43 నిష్పత్తి గేర్‌బాక్స్ వల్ల ప్రొపెల్లర్ 2,400 లోపే తిరుగుతుంది. జబిరు 2200 అనే ఇంజిన్‌లో గేర్లు లేవు. 3,300 చుట్లూ నేరుగా ప్రొపెల్లర్‌కే వెళతాయి కాబట్టి దాన్ని పొట్టిగా పెట్టాల్సి వస్తుంది. వేగంగా పోయే విమానానికి అది మంచి ఇంజినే, మన పనికి మాత్రం కాదు. కాంటినెంటల్ ఓ-200 గట్టి ఇంజిన్, నాకు గౌరవం ఉంది. కానీ బరువెక్కువ, 701 ముక్కు మీద ఆ బరువు మోయించడం నాకు ఇష్టం లేదు. రోటాక్స్ వాళ్లదే రెండు స్ట్రోకుల 582 తేలిక, చవక. అయితే దాన్ని 300 గంటలకే పూర్తిగా విప్పి బాగుచేయాలి, 912కు 2,000 గంటలు.

కారు ఇంజిన్ వేస్తే డబ్బు మిగులుతుంది కదా అంటారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోతున్న కారు తన శక్తిలో కొంత భాగమే వాడుతుంది. విమానం లేచేటప్పుడు మొత్తం శక్తి, ఆపైన గంటల తరబడి దాదాపు ముప్పావు వంతు అడుగుతుంది. పైగా సొంతంగా చేసిన గేర్‌బాక్స్‌లో మెలితిప్పే ప్రకంపనలు ఎక్కడ పగుళ్లు తెస్తాయో కనిపెట్టడం పెద్ద ఇంజినీర్లకే కష్టం. 912లో ప్రతి సిలిండర్‌కూ రెండు ప్లగ్గులు, విడివిడిగా రెండు ఇగ్నిషన్లు ఉంటాయి. ఒకటి పోయినా కిందికి దిగి రావచ్చు.

పెట్రోలు సంగతి కొనకముందే తేల్చుకోండి. 80 హార్స్‌పవర్ 912కు 90 ఆక్టేన్ చాలు, 100 హార్స్‌పవర్ యూఎల్‌ఎస్‌కు 95 కావాలి. రెండూ పది శాతం వరకే ఇథనాల్‌ను ఒప్పుకుంటాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో ఇరవై దాకా ఉంటోంది. మేం విమానాల కోసమే చేసే పెట్రోలు, ఏవీగ్యాస్ వాడాలని నిర్ణయించుకున్నాం. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దాన్ని మన దేశంలోనే తయారు చేస్తోంది. అందులో సీసం ఉంటుంది కాబట్టి నూనెను 25 గంటలకే మారుస్తాం.

పాత ఇంజిన్ చూడటానికి వెళితే గంటల అంకె చూసి మురిసిపోకండి. కిందటేడు ఒకాయన మూడు వందల గంటలే తిరిగిందని ఒకటి చూపించాడు. లాగ్‌బుక్‌లో చూస్తే పదకొండేళ్లుగా ఊరికే పడి ఉంది. పిస్టన్‌ను పైకి తెచ్చి, బావమరిది ప్రొపెల్లర్‌ను బిగించి పట్టుకోగా, 80 పౌన్ల గాలి పెట్టాను. మూడో సిలిండర్ 46 దగ్గర ఆగింది, అంటే మిగతా గాలి ఎక్కడో కారిపోతోంది. ఎగ్జాస్ట్ గొట్టానికి చెవి ఆనిస్తే సన్నగా బుస వినిపించింది. అక్కడ బుస వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్ దగ్గర వస్తే ఇన్‌టేక్ వాల్వు, నూనె పోసే మూత దగ్గర వస్తే రింగులు కారుతున్నట్టు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఎంత మంచి ఇంజినైనా పెట్రోలు అందకపోతే ఆగిపోతుంది. విమానం ముక్కును ఎక్కేటప్పటి కోణంలో పైకి లేపి, ట్యాంకు అడుగున కొద్దిగా మాత్రమే పెట్రోలు ఉంచి, కార్బ్యురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి కొలపాత్రలోకి వదలండి. పంపు లేకుండా పైనుంచి దిగే ధార, ఇంజిన్ పూర్తి శక్తిలో తాగేదానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. యూఎల్‌ఎస్ గంటకు 27 లీటర్లు తాగుతుంది కాబట్టి నిమిషానికి 675 మిల్లీలీటర్లు రావాలి. దగ్గర్లో నిప్పు, కరెంటు స్విచ్చులు లేకుండా చూసుకోండి. మేం ఎంచుకున్న యూఎల్‌ఎస్ ఇంకా రాలేదు కానీ పైపులు బిగించేశాం. మొదటిసారి అర లీటరే వచ్చింది. వెతికితే ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే ఫైర్‌వాల్ గోడ దాటే చోట గొట్టం ఒక వంపులో నొక్కుకుపోయి ఉంది. వంపు సరిచేసి మళ్లీ పట్టాం, 720 వచ్చింది.